రంగం రేవులో ఆడవాళ్ళ లెక్క

(వలస స్త్రీల హక్కుల మీద కాకినాడలో జరిగిన కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్ళు గల్ఫ్ వలసల గురించి మాట్లాడమన్నారు. నేను రంగం గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో అవతల కాసేపు నిశ్శబ్దం. "సినిమా రంగమా మేడమ్?" అని అడిగింది కార్యాలయంలో పనిచేసే చిన్నమ్మాయి. తప్పు ఆమెది కాదు. మన తీరప్రాంతంలో మూడు తరాల పాటు 'రంగం' అంటే ఒకటే అర్థం, అది రంగూన్. అప్పు తీరకపోతే రంగం, పెళ్ళాంతో పడకపోతే రంగం, కరువొస్తే రంగం. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, గోపాలపూర్ రేవుల్లో మనవాళ్ళు ఓడ ఎక్కేవారు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కోరంగి ఒకప్పటి పెద్ద రేవు. 1839 తుపానుకి దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీ'లనే పిలిచారు. గంజాం నుంచి వెళ్ళినా కోరంగీయే, గోదావరి నుంచి వెళ్ళినా కోరంగీయే. ఆ మాటలో కూలి అనే అర్థం కలిసిపోయింది, చిన్నచూపు కూడా.

ఈ కథలో నాకు ఆసక్తి కలిగించేది మనవాళ్ళు పడ్డ కష్టాలు మాత్రమే కాదు. ఒక దేశం తన ఆర్థిక వ్యవస్థను పరాయివాళ్ళ చేతుల్లోంచి వెనక్కి తీసుకోవాలనుకున్నప్పుడు, అది న్యాయమైన కోరికే అయినప్పుడు కూడా, ఆ పోరాటం తిరిగి తిరిగి స్త్రీల ఒంటి మీదికీ, పెళ్ళి మీదికీ ఎలా వచ్చి ఆగుతుందన్నది నా ప్రశ్న. దీనికి రంగూన్ చరిత్రకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1852 యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు దిగువ బర్మాను ఆక్రమించారు. అప్పటికి రంగూన్ చిన్న రేవు. సూలే పగోడాను మధ్యలో పెట్టి, చదరంగం గడుల్లాగా వీధులు గీసి, స్థలాలు అమ్మకానికి పెట్టారు. డబ్బున్నవాళ్ళు ఏటి ఒడ్డు వీధులు కొనుక్కున్నారు, లేనివాళ్ళు వెనక్కి పోయారు. అంటే ఆ నగరం పుట్టుకలోనే అక్కడి జనానికి చోటు వెనక వీధుల్లో దొరికింది. నగరం చుట్టూ ఇరావతి డెల్టా. అడవీ చిత్తడీ కొట్టి వరి వేశారు. 1850లలో 8 లక్షల ఎకరాలకు లోపున్న సాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసింది బర్మానే. మైఖేల్ ఎడాస్ అనే చరిత్రకారుడు ఈ డెల్టాను 'వరి సరిహద్దు' అన్నాడు. సరిహద్దు అనగానే మనకి ముళ్ళకంచె గుర్తొస్తుంది. ఇది ఆ సరిహద్దు కాదు. నాగలీ, వడ్డీ వ్యాపారీ, ఓడా కలిసి ఏటేటా ముందుకు జరుపుతూ పోయిన సరిహద్దు. దాని నోరు రంగూన్ రేవు.

ఆ నోటికి మనుషులు కావాలి. బర్మా రైతుకి సొంత పొలం చేసుకునే వీలున్నన్నాళ్ళూ అతను రేవులో మూటలు మొయ్యడానికి రాలేదు. సముద్రానికి ఇవతల అప్పుల్లో ఉన్న మనిషి చవగ్గా దొరికాడు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి ఓడ చార్జీ పెట్టుకుని, ఇంట్లో కొంత బయానా ఇచ్చి తీసుకెళ్ళేవాడు. అక్కడ కూలి డబ్బు మేస్త్రీ చేతుల్లోంచి వచ్చేది. ఎన్ని చేతులు మారితే అన్ని కోతలు. రేవులో సరుకు ఎక్కించి దించడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, పాకీ పని - రంగూన్‌ని నడిపిన బరువు పనుల్లో తెలుగువాళ్ళే ఎక్కువ. 1920ల చివర్లో ఆ రేవులో దిగేవాళ్ళ సంఖ్య ఏడాదికి లక్షల్లో ఉండేది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో 4 లక్షల మంది ఉంటే అందులో 2,12,000 మందికి పైగా భారతీయులు. ఒక దేశపు ముఖ్య నగరంలో ఆ దేశస్థులు మైనారిటీ.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. మనలాంటివాళ్ళు తరచు వదిలేసే సంగతి ఇది. ఫిజీకీ, మారిషస్‌కీ, నేటాల్‌కీ ఒప్పంద కూలీలను తీసుకెళ్ళినప్పుడు ప్రతి 100 మంది మగవాళ్ళకీ 40 మంది ఆడవాళ్ళను తీసుకెళ్ళాలన్న నియమం ఉండేది. ఆ నియమం స్త్రీల మీద ప్రేమతో పెట్టింది కాదు. దానివల్ల ఎన్ని ఘోరాలు జరిగాయో కూడా మనకు తెలుసు. కానీ బర్మా ప్రయాణానికి ఆ పాటి నియమం కూడా లేదు. ఎందుకంటే 1937 వరకూ బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళడం చట్టం దృష్టిలో విదేశీ వలస కాదు. వలస చట్టాలు వర్తించవు, రక్షణాధికారి లేడు. వెళ్ళేది మగవాడు, ఒంటరిగా. కూలి కూడా ఒంటరి మగవాడి తిండికి సరిపడా. లాడ్జింగ్ ఇళ్ళలో ఒకే గదిలో పదుల మంది వంతులవారీగా పడుకునేవారు. అతని పిల్లల్ని ఎవరు పెంచారు? జబ్బు చేసి తిరిగొస్తే ఎవరు చాకిరీ చేశారు? ముసలి అత్తామామల్ని ఎవరు చూశారు? ఆ ఖర్చు ఓడ కంపెనీ పెట్టలేదు, మిల్లు యజమాని పెట్టలేదు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల్లో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన ఆడవాళ్ళు పెట్టారు. రంగూన్ బియ్యం చవగ్గా లండన్ చేరడంలో వాళ్ళ కష్టం ఉంది. ఏ ఎగుమతి లెక్కల్లోనూ అది కనిపించదు.

మా తాతమ్మ అందులో ఒకతె. మా తాతయ్య తండ్రి 1927లో రంగం వెళ్ళాడు. మనియార్డర్లు వచ్చిన ఏడు వచ్చేవి, రాని ఏడు లేదు. ఈమె మళ్ళీ చివర్లో వస్తుంది.

ఇప్పుడు అవతలి ఒడ్డు నుంచి చూద్దాం. తెలుగు పుస్తకాల్లో బర్మా అల్లర్ల గురించి రాసినప్పుడు మనవాళ్ళు అమాయకులుగా, వాళ్ళు కృతఘ్నులుగా కనిపిస్తారు. ఇది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 1930లో ధాన్యం ధర కుప్పకూలింది. బర్మా రైతులు చెట్టియార్లకు అప్పుపడి ఉన్నారు. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో 6 శాతం భూమి ఉంటే, 1937 నాటికి అది 25 శాతమైంది. ఏడేళ్ళు తిరిగేసరికి ఒక దేశపు మంచి మాగాణిలో నాలుగో వంతు వడ్డీ కింద పోయి ఉంది. భూమి పోయిన రైతు పని వెతుక్కుంటూ రంగూన్ వస్తే, రేవులో పని మేస్త్రీల గుప్పిట్లో ఉంది. మాట తెలుగులో ఉంది. అతనికి కోపం రావడం అన్యాయమా? 'మా దేశం, మా పని, మా సరుకు' అన్న నినాదం గాల్లోంచి పుట్టలేదు.

కానీ ఆ కోపం ఎవరి మీద పడిందో చూడండి. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు దించే తెల్ల కంపెనీలు సమ్మె విరవడానికి బర్మా కూలీలను తెచ్చాయి. వాళ్ళు పనిలోకి వచ్చారు, భార్యలు మధ్యాహ్నం అన్నం క్యారియర్లు పట్టుకుని రేవుకొచ్చేవారట. తరవాత కంపెనీలు కొంచెం కూలి పెంచి తెలుగువాళ్ళతో రాజీపడ్డాయి. మే 26 ఉదయం తెలుగు కూలీలు తిరిగి వచ్చారు. బర్మావాళ్ళను ఇక పొమ్మన్నారు. సంగతి ముందుగా వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రేవులో మాట మాట పెరిగింది, తెలుగువాళ్ళు ఎగతాళి చేశారంటారు. మధ్యాహ్నానికల్లా నగరంలో తెలుగు కూలీలను వెతికి వెతికి చంపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు 120 మంది దాకా. అసలు సంఖ్య చాలా ఎక్కువని అప్పుడే అందరూ అనుకున్నారు. రోజుల తరబడి రేవు ఆగింది, పాకీ పని ఆగింది, నగరం కంపు కొట్టింది. అప్పటిగ్గానీ ఆ నగరాన్ని ఎవరు శుభ్రం చేస్తున్నారో చాలామందికి తెలియలేదు. సమ్మె విరవడానికి ఒక బీదవాణ్ణి తెచ్చి, అవసరం తీరాక పొమ్మన్న కంపెనీ గుమస్తాకి ఒక్క దెబ్బ తగల్లేదు.

ఆ అల్లర్ల వెంటనే పుట్టింది 'దొబమా ఎసియయోన్', అంటే 'మన బర్మా' సంఘం. మన స్వదేశీ ఉద్యమం తెలిసినవాళ్ళకి వీళ్ళ కార్యక్రమం కొత్తగా అనిపించదు. సొంత భాష, సొంత బట్ట, సొంత సరుకు. మగవాళ్ళు ముతక చొక్కా వేసుకుంటే దేశభక్తి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం వేరు. అప్పట్లో రంగూన్ స్త్రీలు దిగుమతైన పల్చటి మస్లిన్ రవిక వేసుకునేవారు. విదేశీ బట్ట, పైగా లోపలి బాడీ కనిపిస్తుంది. రెండు నేరాలు ఒక రవికలో దొరికాయి. 1930ల చివర్లో యువ బౌద్ధ భిక్షువులు కొందరు వీధుల్లో అలాంటి రవికలు వేసుకున్న స్త్రీలను ఆపి, వాటిని చింపేదాకా వెళ్ళారు. చీ ఇకెయా అనే చరిత్రకారిణి దీని గురించి వివరంగా రాసింది. బర్మా మగవాడి కోటుకీ హ్యాటుకీ ఇంత గొడవ జరగలేదని ఆమె గమనించింది. మన ఖద్దరు ఉద్యమంలో రవికలు చింపలేదు, నిజమే. కానీ ముతక చీర బరువు మోసింది ఎవరో, ఆ చీరలు ఉతికింది ఎవరో మన అమ్మమ్మల్ని అడగాల్సింది.

రవిక తరవాత పెళ్ళి. ఒంటరి మగవాళ్ళు లక్షల్లో దిగే రేవులో సంసారాలు ఏర్పడకుండా ఉంటాయా? భారతీయులకీ బర్మా స్త్రీలకీ పెళ్ళిళ్ళు జరిగాయి, కాపురాలు నిలిచాయి, పిల్లలు పుట్టారు. ఇక్కడ చట్టం పెద్ద చిక్కు. బర్మా బౌద్ధ ధర్మం ప్రకారం కాపురంలో సంపాదించిన ఆస్తిలో భార్యకి హక్కుంది, వారసత్వంలో కూతురికి వాటా ఉంది, విడిపోవచ్చు. పెళ్ళికి పెద్ద తంతు కూడా అక్కర్లేదు, కలిసి కాపురం చేస్తూ నలుగురూ భార్యాభర్తలని ఒప్పుకుంటే చాలు. బజారులో దుకాణాలు చాలావరకు స్త్రీలవే, గల్లాపెట్టె తాళం వాళ్ళ దగ్గరే. మన హిందూ స్త్రీకి అప్పట్లో ఇందులో ఏదీ లేదు. అలాంటి బర్మా స్త్రీ ఒక హిందువుతో కాపురం చేస్తే, అతను పోయాక హిందూ చట్టం ఆమెను భార్యగా గుర్తించదు. ఉంచుకున్నదానికింద జమకట్టి బయటికి నెడుతుంది. ముస్లింను చేసుకోవాలంటే మతం మారాలి. మారకపోతే ఆ పెళ్ళి నిలవదు. అంటే రేవు దాటి వచ్చిన మగవాడి వెంట అతని వ్యక్తిగత చట్టం కూడా ఓడ దిగి, స్థానిక స్త్రీకి అంతకుముందు ఉన్న హక్కులు లాక్కుంది. ఆమె ఫిర్యాదు న్యాయమైనది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

కానీ ఆ ఫిర్యాదు ఆమె నోటితో బయటికి రాలేదు. 1938 జూలైలో మళ్ళీ అల్లర్లు, ఈసారి ముఖ్యంగా ముస్లింల మీద. తరవాత విచారణ జరిపిన కమిటీ తన 1939 నివేదికలో పెళ్ళిళ్ళ సమస్యను ఒక ముఖ్య కారణంగా చెప్పింది. అంతకుముందు నుంచే పత్రికల్లో రాతలు: 'మన ఆడపిల్లల్ని పరాయివాళ్ళు ఎత్తుకుపోతున్నారు', 'మన భూమి పోయింది, మన స్త్రీలు పోయారు'. భూమీ స్త్రీ ఒకే వాక్యంలో, ఒకే వరసలో. పరాయివాణ్ణి చేసుకున్న ఆమెను డబ్బుకి అమ్ముడుపోయిందన్నారు. ఆమె పిల్లల్ని జాతికి చీడన్నారు. 1939లో బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం వచ్చింది. పెళ్ళి నమోదు చేసుకుంటే మతం మారక్కర్లేదు, ఆస్తి హక్కు బౌద్ధ ధర్మం ప్రకారమే. హక్కుగా చూస్తే మంచి చట్టమే, మనలో ఎవరైనా సమర్థిస్తాం. జాతి కాపలాగా చూస్తే అది కంచె. ఒకే కాగితం రెండూ అయింది. బౌద్ధురాలు కాని స్త్రీకి అందులో ఏమీ లేదు. ఇవతల ఒడ్డున ఎదురుచూస్తున్న భార్యకి అసలే లేదు. మద్రాసు రాష్ట్రంలో హిందూ పురుషుడు రెండో పెళ్ళి చేసుకోవడం నేరమైంది 1949లో. అంతవరకూ ఇక్కడొక సంసారం, అక్కడొక సంసారం ఏ కోర్టుకీ అభ్యంతరం కాలేదు.

స్త్రీలు మాట్లాడలేదని కాదు. 1927లో శాసనమండలిలో స్త్రీలకు ప్రవేశం కోసం రంగూన్‌లో ఊరేగింపు తీశారు. లండన్‌లో 1931-32లో జరిగిన బర్మా రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన ఒకే ఒక స్త్రీ ప్రతినిధి డా మ్యా సెయిన్. వాళ్ళు అడిగింది ఓటూ, చట్టసభలో చోటూ. వాళ్ళకి త్వరగా దొరికింది రక్షణ.

1941లో భారత, బర్మా ప్రభుత్వాలు వలసలను కట్టడిచేసే ఒప్పందం కుదుర్చుకున్నాయి. నా పరిశోధనలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపిన కాగితం ఇదే. వీసాలు, పర్మిట్లు, రుసుముల మధ్య ఒక షరతు ఉంది. వలస వచ్చిన పురుషుడు స్థానిక జాతి స్త్రీని పెళ్ళి చేసుకున్నా, ఆమెతో కలిసి ఉన్నా అతని పర్మిట్ రద్దు చెయ్యవచ్చు. బియ్యం, టేకు, కూలీ సంగతులు మాట్లాడుకోవడానికి కూర్చున్న పెద్దమనుషులు చివరికి ఎవరు ఎవరితో పడుకోవాలో రాసుకున్నారు. ఆ ఒప్పందాన్ని గాంధీ తీవ్రంగా విమర్శించారు, దేశమంతటా నిరసన వచ్చింది. అటువైపు వాళ్ళ మాట బర్మా స్త్రీల గౌరవం. ఇటువైపు మనవాళ్ళ మాట భారతీయుల ఆత్మగౌరవం. ఆ కాపురాల్లో ఉన్న స్త్రీని ఎవరైనా ఏమన్నా అడిగారేమోనని వెతికాను. నేను చదివిన కాగితాల్లో ఎక్కడా కనిపించలేదు.

ఆ తరవాతది మీకు కొంత తెలుసు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఓడల్లో, కాలినడకన కొండలు దాటి పారిపోయారు. దారిలో వేలమంది పోయారు, సరిగా లెక్కపెట్టినవాళ్ళు లేరు. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1963-64లో బ్యాంకులూ దుకాణాలూ జాతీయం చేసింది, 1964 మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవంది. మిగిలిన మనవాళ్ళు కూడా లక్షకు పైగా తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం పక్క 'బర్మా క్యాంప్' అలా వచ్చిన పేరే. అక్కడ నేను కలిసిన ముసలావిడ తల్లి బర్మా స్త్రీ. "అక్కడ మమ్మల్ని కలా అనేవారు, ఇక్కడ బర్మావాళ్ళు అంటున్నారు, ఏ పేరుతో పిలిచినా రేషన్ కార్డు ఇస్తే చాలు" అంది. బర్మాలో 1939 చట్టానికి 1954లో ఒక కొత్త రూపం, 2015లో మరొకటి వచ్చాయి. ఆ చివరిది 'జాతి, మత పరిరక్షణ' పేరుతో వచ్చిన నాలుగు చట్టాల్లో ఒకటి. 2014లో దాన్ని వ్యతిరేకిస్తూ దాదాపు వంద సంఘాలు ప్రకటన ఇచ్చాయి. ముందు నిలబడినవాళ్ళలో మహిళా సంఘాలున్నాయి. వాళ్ళను జాతిద్రోహులన్నారు, బెదిరించారు. మనలాంటి కార్యకర్తలే వాళ్ళు. వాళ్ళ పేర్లు మనకు తెలియకపోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇక గల్ఫ్. ఇప్పుడు ఇదే గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కి వెళ్ళేది ఎక్కువగా స్త్రీలే, ఇంటిపనికి. మేస్త్రీ పేరు ఏజెంటయింది. ఓడ విమానమైంది. ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. మగవాడికి అలాంటిదేమీ లేదు. దాని ఫలితం మీరు నాకంటే బాగా చెప్పగలరు. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి వయసు పెంచి కాగితాలు చేయించుకుని, విజిట్ వీసా మీద, దొడ్డిదారిన వెళ్తుంది. అక్కడ దెబ్బలు తిన్నా ఎంబసీకి వెళ్ళడానికి భయపడుతుంది, తన కాగితమే తప్పుడుది కనక. 1941 ఒప్పందంలో ఆ షరతు రాసినవాళ్ళూ స్త్రీల రక్షణ కోసమనే రాశారు. మీ జిల్లాల్లో వచ్చే ఏడాది ఈ నిబంధన మీద సంతకాలు సేకరిద్దామంటున్నారు కదా. వయసు నిబంధన ఎత్తెయ్యాలని మాత్రమే అడిగితే చాలదు. ఏజెంటు మీద కేసు పెట్టే హక్కు, కూలి ఒప్పందం తెలుగులో చేతికిచ్చే బాధ్యత, తిరిగొచ్చాక పునరావాసం కలిపి అడగండి. లేకపోతే ఒక కంచె తీసి ఇంకో కంచె కడతారు.

మా తాతమ్మ దగ్గర ఆపాను. ఆయన 1938 అల్లర్ల తరవాత తిరిగొచ్చాడు. అక్కడ ఇంకో సంసారం ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు, ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. ఆయన తన రంగం కాలాన్ని ఎక్కిన ఓడల పేర్లతో చెప్పేవాడట. తాతమ్మ లెక్క వేరు. "పదకొండు ఊడ్పులు" అనేది. ఆయన వచ్చిన కొన్నాళ్ళకి, ఒక్కసారి మాత్రం, ఆ రెండో ఆమె గురించి అడిగిందట. అందంగా ఉంటుందా అని కాదు, పిల్లలెందరని కాదు. "ఆవిడా ఊడ్పులకెళ్తుందా?" అని. లేదు, బజార్లో ఆమెకి అంగడి ఉంది అన్నాడు ఆయన.

"సొంతానిదేనా?" అని అడిగింది మా తాతమ్మ.